బెల్టు లేని హాస్యగాడు

మా లేబర్ క్యాంప్ ఖతర్‌లో అల్ వక్రా ఊరు దాటాక ఉంది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మెస్ హాల్లో తెర కట్టి సినిమా వేస్తారు. తెలుగు సినిమా వేస్తే నేపాలీలు లేచి వెళ్లిపోతారు, హిందీ వేస్తే మావాళ్లలో సగం మంది నిద్రపోతారు. అందుకని క్యాంప్ బాస్ ఒక ఉపాయం కనిపెట్టాడు: మాటలే లేని పాత అమెరికన్ కామెడీలు. ఆ నటులు ముందు స్టేజీల మీద ఊరూరా తిరిగి పడటం నేర్చుకున్నారనీ, ఆ తర్వాతే సినిమాల్లోకి వచ్చారనీ ఆయనే హిందీలో చెప్పాడు. దెబ్బ తగలకుండా పడటం కూడా ఒక విద్యేనట. ఆ మాట నాకు నచ్చింది. మాటలొచ్చాక వచ్చిన అమెరికన్ సీరియళ్లు కూడా ఫోన్లో చూశాను. వాటిలో కనబడని జనమెవరో మనకంటే ముందే నవ్వేస్తుంటారు. నా బదులు నవ్వడానికి వాళ్లెవరు? ఒళ్లు మండి ఆపేశాను.

ఆ వారం నా పక్క మంచం అన్న నవ్వే స్థితిలో లేడు. మాది ఒకే మండలం, ఇద్దరిదీ స్కాఫోల్డింగ్ పనే, కడుతున్న భవనాల చుట్టూ ఇనుప పరంజా బిగించడం. సోమవారం ఏడో అంతస్తు దగ్గర ఆయన కాలు జారింది. నడుముకున్న సేఫ్టీ బెల్టు ఆపింది. మేం లాగేదాకా గాలిలో వేలాడాడు. అప్పటి నుంచి పైకి ఎక్కలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. శనివారం కూడా ఎక్కకపోతే ఊరికి పంపేస్తానని ఫోర్‌మన్ తేల్చేశాడు. అన్నను అడిగితే ఎక్కుతాననే అంటాడు గానీ, అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. నాకు భయమేసింది.

ఆ రోజు తెర మీద ఒక బక్క మనిషి కడుతున్న భవనంలో ఇనుప దూలాల మీద నడుస్తున్నాడు. ఇంకెక్కడైనా జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. మా హాల్లో ఒక్కరూ నవ్వలేదు. అందరి చూపూ అతని నడుము మీదే. "బెల్ట్ లగావ్, భాయ్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఇంకొకరు దూలానికి బోల్టులు బిగించలేదని తిట్టారు. మాకు కామెడీ అర్థం కాలేదనుకుని క్యాంప్ బాస్ తల పట్టుకున్నాడు.

బక్క మనిషి జారాడు. ప్యాంటు మేకుకి తగులుకుని తలకిందులుగా వేలాడాడు. అప్పుడు మా అన్న నవ్వాడు. హాలంతటిలో ఆయనొక్కడే.

"నేను గూడ గిట్లనే ఏలాడిన్నా రా?"

"అచ్చం గిట్లనే అన్నా. పైకి గుంజుండ్రి అనకుంట, నా బూటేదిరా అని అడిగినవ్."

ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. ఆ ఊపులోనే హాలు బయటికొచ్చి వదినకు వీడియో కాల్ చేశాడు. బూటు సంగతితో సహా మొత్తం నటించి చూపించాడు. ఆయన జారిన విషయం ఆమె వినడం అదే మొదటిసారి. నేను పక్కనే నిలబడి ఆమె నవ్వు కోసం చూశాను.

ఆమె నవ్వలేదు. మా ఊళ్లో వాళ్లకు ఖతర్ కూడా దుబాయే.

"దుబాయ్ వద్దు, పాడు వద్దు," అంది. "నువ్వు ఇంటికి రా. గంతే."

"అస్త," అన్నాడు అన్న, ఏడుస్తూ.

మర్నాడు ఫోర్‌మన్ నిచ్చెన చూపిస్తే ఎక్కనని చెప్పేశాడు. ఆ నిచ్చెన నేనెక్కాను.