రెజాన్ అభ్యంతరం

మాంట్రియల్ నుంచి టొరంటో వెళ్లే రైలు కార్న్‌వాల్ దాటాక మంచులో ఆగిపోయింది. పక్క సీటాయన తన పొట్లంలోంచి పచ్చి చీజ్ ముక్కలు పెట్టాడు. నమిలితే కిచకిచమన్నాయి. ఇద్దరం నవ్వుకుని మాటల్లో పడ్డాం.

ఆయన పేరు రెజాన్ వైయాంకూర్. బడిలో లెక్కలు చెబుతాడు. తీరిక వేళలన్నీ, జీతం లేకుండా, ఒక లినక్స్ డిస్ట్రోకి, అంటే ఎవరైనా ఉచితంగా కంప్యూటర్లో పెట్టుకోగల ప్రోగ్రాముల మూటకి, ధారపోస్తాడు. మనుషులు రాసిన కోడ్‌ను యంత్రం నడిపే ప్రోగ్రాముగా మార్చేది కంపైలర్. దానికి కొన్ని రక్షణ ఆప్షన్లు ఇస్తే దొంగలు దూరే సందులు చాలావరకు మూసుకుంటాయి. అవి పెట్టుకోండని రెజాన్ ఏళ్ల తరబడి ఒక్కో ప్రోగ్రామూ చూసుకునేవాళ్లని విడివిడిగా బతిమాలాడు. ఇంటింటికీ తిరిగి టీకాలు వేయించుకోమనే వాళ్లను నేను చాలా దేశాల్లో చూశాను. వాళ్ల గొంతులోనూ ఇదే నిష్ఠూరం.

ఇప్పుడు నోయెమీ అనే కొత్తమ్మాయి వచ్చి, ఆ ఆప్షన్లను కంపైలర్‌లోనే, వాటంతటవే అమలయ్యేలా, డిఫాల్ట్ చేసేద్దామంది. ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

"అందరూ ఆహా ఓహో! నేనెక్కిన గడపలు ఒక్కడికైనా గుర్తున్నాయా?"

"పోనీలెండి, ఇక ఎక్కక్కర్లేదుగా."

"మీరూ ఆ పిల్ల పార్టీయేనా పెద్దాయనా?"

ఆ మార్పుతో కంప్యూటర్లో రేడియో వినిపించే ఒక పాత ప్రోగ్రాము తెరవగానే ఆగిపోతోంది. అది బాగయ్యేదాకా మార్పు వద్దని రెజాన్ అభ్యంతరం పెట్టాడు. సాయంత్రంలోగా బాగవకపోతే ఈసారి విడుదలయ్యే డిస్ట్రోలో నోయెమీ మార్పు ఉండదు.

"ఎందుకు ఆగిపోతోందో మీకు తెలుసా?"

"తెలియకేం! దానికిచ్చిన చోటు దాటి ఒక అక్షరం ఎక్కువ రాస్తోంది. ఎప్పటినుంచో ఉన్న తప్పే. ఇప్పుడా కొత్త కాపలా పట్టుకుని ఆపేస్తోంది."

"అంటే తప్పు ఆ అమ్మాయిది కాదన్నమాట!"

ఆయన మొహం కందగడ్డయింది. "నేనెందుకు చెప్పాలి? అన్నీ తెలిసిన పిల్ల కదా, తనే కనుక్కోనీ!"

రైలు కదిలింది. కాసేపు కిటికీ కేసి గుర్రుగా చూసి, ల్యాప్‌టాప్ తెరిచాడు. "సందు కనిపించాక మూయకుండా కూర్చోలేను. అదీ నా ఖర్మ" అని గొణుక్కుంటూ ఆ ఒక్క లైను దిద్ది, అభ్యంతరం ఎత్తేసి పంపాడు. వెంటనే నోయెమీ జవాబొచ్చింది. దాన్ని ఎగతాళి గొంతుతో నాకు చదివి వినిపించాడు:

"నిన్ననే కనిపెట్టాను సార్. ఈ పని మొదలెట్టింది మీరు కదా, మీ చేత్తోనే దిద్దుతారని ఆగాను."

చదువుతుండగానే ఎగతాళి జారిపోయింది.

"చూశారా? చివరికి మంచితనం కూడా ఆవిడదే!"

కింగ్‌స్టన్‌లో రైలాగింది. కోటు తగిలించుకుని, నా వైపైనా చూడకుండా దిగి, మంచులో విసవిసా నడిచిపోయాడు.