లిమిట్ లోపల ఒక గది

మొగిలమ్మ చేయి వణికినప్పుడల్లా జనం కల్లు వాసన వెతికారు. గ్లాసులో చాయ్ ఒలికితే చాలు, "పొద్దుగాల్నే ఏసినవా అక్కా?" అని గోదాము ఓనర్ రాంప్రసాద్ నలుగురిలో నవ్వేవాడు. ఆమె కల్లు ముట్టదు. ఎదురు చెప్తే ఉంటున్న గది పోతుందని, ఏళ్ల తరబడి తనూ వాళ్లతో కలిసి నవ్వింది.

ఎనుమాముల దారిలోని ఆ గోదాముకు పాడైన ట్యూబులైట్లు బండ్లకొద్దీ వస్తాయి. వాటిని పగలగొట్టి గాజు ఒక కుప్ప, అంచుల రేకు ఒక కుప్ప పోయడం మొగిలమ్మ పని. పగిలిన ప్రతి ట్యూబులోని పాదరసం ఆవిరై, కంటికి కనిపించకుండా గాలిలో కలుస్తుంది. ఒకప్పుడు పవర్‌లూమ్ మీద తెగిన పోగును చూడకుండానే ముడివేసిన వేళ్లు ఆమెవి. లూమ్ మూతపడ్డాక ఇక్కడికొచ్చింది. కాపలా కూడా ఆమెదే కాబట్టి గోదాము వెనక గదిలోనే పడుకుంటుంది. మధ్యన గోడ ఉంది. గోడ పైన, రేకుల కింద, జానెడు సందు కూడా ఉంది.

ఆమె ఒక్కగానొక్క బిడ్డ దీపకు ఇప్పుడు ఏడో నెల. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలి. తల్లిగారిల్లంటే ఈ గదే. దవాఖానలో డాక్టరమ్మ వణుకు చూసి, ఏం పని చేస్తావని, ఎక్కడ పడుకుంటావని అడిగి, మూత్రం పరీక్ష చేయించింది. "ఇది పాదరసం. కడుపుతో ఉన్న పిల్లను ఆ గదికి తేవద్దు" అంది. ఆ మాట ఫోన్‌లో దీపకు చెబుతుంటే, దీప అత్త లింగమ్మ ఫోన్ గుంజుకుంది.

"కాన్పు జేయ చేతగాక రోగం కతలు పడ్తానవా వదినె?"

బిడ్డ కోసం మొగిలమ్మ ఫ్యాక్టరీల ఆఫీసులో ఫిర్యాదు పెట్టగా పెట్టగా, అక్కడి ఉద్యోగి ఒకడు గాలి కొలిచే మిషన్‌తో వచ్చాడు. ఆ రోజు రాంప్రసాద్ పని ఆపించి, తలుపులన్నీ బార్లా తెరిపించాడు. గోదాము నడుమ పెట్టిన మిషన్ కాసేపు కూసింది.

"భయం లేదమ్మా. లిమిట్ లోపలే ఉంది" అన్నాడు ఉద్యోగి.

మొగిలమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "లోపల్నే ఉన్నదా సారూ? నేను జెప్పలే! అయితే నా బిడ్డను ఏడ పండవెట్టాలె?"

గోదామంతా ఒకటే నవ్వు. "అది గాదే అక్కా! లోపల అంటే తక్కువున్నదని. గది లోపల గాదు" అన్నాడు రాంప్రసాద్ కళ్లు తుడుచుకుంటూ.

"మరి గది లోపల ఎవరు గొలిచిన్రు?"

ఎవరూ కొలవలేదు. "పని జాగ వరకే మా డ్యూటీ" అని ఉద్యోగి మిషన్‌ను సంచిలో పెట్టేశాడు.

ఏం తప్పు విన్నదని ఆ నవ్వు? అతను చదివిన లిమిట్ ఎనిమిది గంటలు పనిచేసి, మంచి గాలిలోకి ఇంటికి పోయే గట్టి మనిషి కోసం. రాత్రింబవళ్లు ఏళ్లకేళ్లు పీల్చేవాళ్లను, గర్భిణులను, పసివాళ్లను లెక్కలో పెట్టుకున్న లిమిట్ వేరే ఉంది. అది ఎన్నో రెట్లు తక్కువ. దాన్ని ఎట్లా కట్టారు? ఎక్కడెక్కడి ఫ్యాక్టరీల్లోనో ఏ మోతాదుకు కార్మికుల చేతులు వణికాయో చూసి, అక్కడి నుంచి తగ్గించుకుంటూ వచ్చారు. అంటే ఆ అంకె పుట్టిందే ఇలాంటి చేతుల్లోంచి. అదే అంకె మొగిలమ్మ గడప మాత్రం దాటదట!

రాంప్రసాద్ దయతలచి టేబుల్ ఫ్యాన్ కొనిచ్చాడు. గోదాము గాలినే గదిలో గిరగిరా తిప్పడానికి!

దీప వచ్చే నెల రావాలి. "ఇప్పుడే రాకు బిడ్డా" అని మొగిలమ్మ ఫోన్‌లో బతిమాలుతూనే ఉంది. వెనక నుంచి లింగమ్మ సాధింపు వినబడుతూనే ఉంది.

ఇది చదివినవాళ్లు సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి రండి. మనిషి పడుకునే చోట కొలవండి, రోజంతా పీల్చే మనిషి లెక్కన కొలవండి అని మొగిలమ్మ పక్కన నిలబడి అడుగుదాం. రాలేనివాళ్లు, మీ ఇంట్లో ఖాళీ గది ఉంటే ఒక్క కాన్పు కోసం ఇవ్వండి. చిన్నదైనా ఫర్వాలేదు. గోదాముకు దూరంగా ఉండాలి, అంతే.