కుర్చీ మేస్త్రీ

శ్లాబు కింద సెంట్రింగ్ చెక్కలు విప్పే రోజున ఇంటివాళ్లు బిక్కుబిక్కుమంటూ దూరంగా నిలబడేవారు. మేస్త్రీ మాత్రం ఒక చెక్క కుర్చీ తెప్పించి సరిగ్గా గది మధ్యలో వేసుక్కూర్చునేవాడు. "పడితే ముందు నా నెత్తినే పడుతుంది, విప్పండిరా!" అనేవాడు. ఆ కుర్చీని చూసే జనం ఆయన చేత ఇళ్లు కట్టించుకున్నారు. తాపీ పట్టి మొదలైనవాడు పెద్ద బిల్డరయ్యాడు. సొంత స్థలంలో తమ వీధి పిల్లల చదువుకోసం ఒక హాలు కట్టించి ఊరికే ఇచ్చేశాడు. అయినా ఆయన పేరు కుర్చీ మేస్త్రీగానే ఉండిపోయింది.

ఆయన భార్యకు మాత్రం ఈమధ్య ఏదో తేడా కొడుతోంది. వంకరపోయిన మేకును కూడా సాగగొట్టించి వాడించే మనిషి, ఉన్నట్టుండి పేదవాళ్ల ఇళ్లకు ఉచితంగా మరమ్మతులంటూ బయల్దేరాడు. సంతోషమే. కానీ ఇప్పుడు బాగుచేయిస్తున్న దర్జీ ఇల్లు పేదిల్లా? దర్జాగా మేడ మీద మేడ! దాని పక్కనే వానకు కారే రేకుల ఇంటివైపు ఈయన కన్నెత్తయినా చూడలేదు.

"ఆ రేకులిల్లెందుకు బాగు చేయించలేదండీ?" అని అడిగింది.

"లోకంలో ఇళ్లన్నీ నేనే బాగుచేయాలా? నీకెందుకీ ఆరాలు!"

కోపం ఎక్కువా జవాబు తక్కువా అయితే ఏదో దాస్తున్నాడని ఆవిడకు ఇన్నేళ్ల కాపురంలో తెలుసు. మొదట ఆవిడ బుర్ర వెళ్లకూడని చోటికే వెళ్లింది. దర్జీకో చెల్లెలుంది. ఛీ, ఈ వయసులోనా అనుకుని సిగ్గుపడింది. అయినా జాకెట్టు కుట్టించుకునే వంకతో ఆ ఇంటికి వెళ్లి మరీ చూసింది.

చెల్లెలు అక్కడ లేనే లేదు. ముందుగదిలో కూలీలు పైకప్పు పెచ్చులు కొట్టేస్తున్నారు. లోపలి ఇనుప ఊచలు ఎర్రగా తుప్పుపట్టి ఉబ్బిపోయాయి. కింద పడిన పెచ్చు మీద తెల్లటి పొడి ఉంది. ఎవరూ చూడకుండా వేలికి అంటించుకుని నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు.

కొన్నేళ్ల కిందట ఇసుక దొరకని ఎండాకాలం ఆవిడకు గుర్తొచ్చింది. సముద్రపు పాయ నుంచి ఇసుక లారీలు వచ్చేవి. ఉప్పు పోయేలా కడిగించానని ఆయన అన్నాడు. చొక్కాలు ఉతుకుతుంటే ఉప్పు చారలేమిటంటే చెమటన్నాడు, పిచ్చిది నమ్మింది. ఇప్పుడు బాగుచేయిస్తున్నవన్నీ ఆ ఎండాకాలం ఆయన కట్టిన ఇళ్లే. పిల్లల హాలూ అప్పుడు కట్టిందే.

ఇంకో మాట కూడా గుర్తొచ్చింది. మనవరాలు హాలుకు వెళ్తానని ఎంత ఏడ్చినా, "అక్కడ దోమలమ్మా, ఇంట్లోనే చదువుకో" అంటాడాయన.

ఆ వారమే వీధివాళ్లు ఆయనకు సన్మానం పెట్టారు. హాల్లో అంటే ఆయన ఒప్పుకోలేదు. ఉక్కపోతని చెప్పి బయట టెంటు వేయించాడు. వేదిక మీద ఆ పాత చెక్క కుర్చీకి పూలు చుట్టారు. పూలగుత్తులిచ్చే పిల్లల్ని మాత్రం ఎవరో హాల్లోనే కూర్చోబెట్టారు.

ఆవిడ ఆయన్ని టెంటు వెనక్కి లాక్కెళ్లింది. "హాలుకు కూడా ఆ ఇసుకేనా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "మెల్లిగా మాట్లాడు. ఇళ్లంటే పెచ్చులు కొట్టి సర్దుతున్నాను. దీన్ని మొత్తం పడగొట్టాలి. పడగొడితే ఎందుకని అడగరూ? నా పరువేం కాను? సెలవులు రానీ, ఏదో వంక చూస్తాను."

"మన మనవరాలికి మాత్రం వంక ముందే దొరికిందా?"

ఇన్నాళ్లూ ఈ మనిషిని చూసే కదా గర్వపడ్డానని ఆవిడకు దుఃఖం ముంచుకొచ్చింది. తిన్నగా వేదికెక్కి కుర్చీ ఎత్తుకుంది. జనం నోళ్లు వెళ్లబెట్టి చూస్తుండగా హాల్లోకి నడిచింది. పిల్లలందర్నీ బయటికి తోలి, కుర్చీ మధ్యలో వేసుక్కూర్చుంది.

"ఏమండీ!" అని గుమ్మం దగ్గర నిలబడిపోయిన భర్తను కేకేసింది. "పడితే ముందు నా నెత్తినే పడుతుంది. వెళ్లి చెప్పండి."

"లేవవే, నీకు దణ్ణం పెడతాను."

ఆవిడ కదల్లేదు. కాసేపటికి మైకులో ఆయన గొంతు గరగరమంది.

"ఇకమీదట పిల్లల్నెవర్నీ ఆ హాల్లోకి పంపకండి. ఎందుకంటే..."

ఆ ఎందుకో ఆయన పూర్తిగా చెప్పాకే ఆవిడ కుర్చీలోంచి లేచింది.