వేషం కాని బట్ట

2023 డిసెంబరు. బళ్లారి బజారులో మాది డ్రామా డ్రెస్సుల అంగడి. మా నాయన కాలంలో నాటకాలోళ్లకు కిరీటాలు, గదలు బాడుగకిచ్చేవాళ్లం. ఇప్పుడు మమ్మల్ని సాకేది బళ్లలో జరిగే యానివర్సరీలే. మా వంశమంతా అంగడోళ్లు. డాక్టరు మూడు పూటలు మాత్ర వేసుకోమంటే, రెండు పూటలకు ఒప్పించి వచ్చే రకం నేనని నా భార్య అందరికీ చెప్తుంటుంది. అబద్ధం కాదు.

మా వ్యాపారంలో 'సెట్' అంటే ఒక మనిషికి తల నుంచి కాలి దాకా కావలసిన సామానంతా. ఆ ఏడు గిరాకీ మొత్తం లంబాణీ సెట్లకే: అద్దాల రవిక, గవ్వల ఓణీ, మోచేతి పైదాకా తెల్లగాజులు. వాటిని నాకు కుట్టిచ్చేది సోనీబాయి. దోణిమలై దిక్కు లంబాణీ, అదే లంబాడీల, తాండా నుంచి వచ్చి కప్పగల్లు రోడ్డులో కాపురం పెట్టిన మనిషి. ఆమె దినమూ కట్టుకునేదీ ఆ బట్టలే. ఆమెతో బేరమాడి నేను గెలిచిన దినం లేదు. "సూదీ దారం ఈడ పెట్టిపోతా, నువ్వే కుట్టుకో సావుకారీ" అని సంచి ముడేసేది.

ఆమె కూతురు కావేరి ఎనిమిదో తరగతి. ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఆర్.టి.ఇ. సీటు, అంటే బీద పిల్లలకు ఫీజు లేకుండా ఇచ్చేది. యానివర్సరీకి నా దగ్గర లంబాణీ సెట్లు బుక్ చేసిందీ ఆ బడే. ఆ దినమే స్టేజీ మీద కావేరికి ఇంగ్లీషు ఎలక్యూషన్‌లో మొదటి బహుమతి ఇస్తారు.

సెట్లు తెచ్చిచ్చిన సోనీబాయి ఆ పొద్దు పోకుండా నిలబడింది.

"అన్నా, ఒక చీర బాడుగకిస్తావా?"

"చీర ఎందుకమ్మా నీకు?"

"'మీ అమ్మను నీట్‌గా రమ్మను, అట్లా రావద్దను' అన్నారంట పాపతో బడిలో. పాప ఒకటే ఏడుపు. నన్ను రమ్మనాలనీ ఉండాది దానికి, రావద్దనాలనీ ఉండాది."

నా దగ్గర చీరలకేం తక్కువ? అన్నీ ద్రౌపదివి, కైకేయివి. జరీ తళతళలాడే ఒకటి ఆమె భుజాన వేసి చూపించాను. అద్దంలో చూసుకొని నవ్వింది.

"ఇది కట్టుకొని పోతే నన్ను కూడా స్టేజీ ఎక్కిస్తారు! వద్దులే. నావే బాగా ఉతుక్కొని పోతా. నీట్ అనే కదా వాళ్లు అడిగింది."

పిల్లలకు సెట్లు తొడిగేది కూడా మా పనే. అందుకని యానివర్సరీ సాయంత్రం నేను గ్రీన్‌రూమ్‌లో, అదే స్టేజీ వెనక వేషాలు కట్టే గదిలో, ఉన్నాను. సోనీబాయి లోపలికొచ్చింది. ఉతికిన బట్టలు, నూనె పెట్టి దువ్విన తల.

"ఈడికొచ్చినావేందమ్మా?"

"గేటు కాడ ఆయప్ప 'డ్యాన్స్ పార్టీ హిందె హోగ్రి' అని వెనక్కి తోలినాడు. నేను తల్లినంటే నమ్మలేదు అన్నా."

ఆమె చుట్టూ ఆమె కుట్టిన రవికలే. తొడుక్కున్న పిల్లలను వాళ్ల తల్లులు ముద్దులాడుతూ ఫొటోలు తీస్తున్నారు. బయట మైకులో బహుమతులు మొదలైనాయి. నేను డ్యాన్స్ టీచరు దగ్గరికి పోయాను.

"మేడం, ఈమె పేరెంట్. ముందు కూర్చోబెట్టండి."

"ఇప్పుడేం కదిలించొద్దప్పా. తెర పక్క నుంచి కనిపిస్తాది, అడ్జస్ట్ చేసుకోమను."

ముందు వరుస కాకుంటే నడిమి వరుస అన్నాను. అదీ కాకుంటే కడా వరుస అన్నాను. పుట్టినప్పటి నుంచి చేస్తున్న బేరం ఆ గదిలో పైసాకు పనికిరాలేదు.

అంతలో బహుమతి పిల్లలు వరుసగా వచ్చారు. కావేరి తల్లిని చూసింది. తర్వాత తోటి పిల్లలను చూసింది. తల తిప్పుకొని పోతుందనే అనుకున్నాను. వరుస విడిచి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

"రా, యాడీ."

వాళ్ల మాటలో యాడీ అంటే అమ్మ. నేనూ వాళ్ల వెనకే పోయాను. హాలు వాకిట్లో ఇంకో టీచరు అడ్డం నిలిచింది. "కావేరీ, డ్యాన్స్ వాళ్లు ఇటు రాకూడదు."

"మిస్, షి ఈజ్ నాట్ ఇన్ కాస్ట్యూమ్. షి ఈజ్ మై మదర్."

ఎలక్యూషన్‌లో నేర్పినట్టే ఒక్కో మాటా విడివిడిగా పలికింది. టీచరు పక్కకు జరిగింది. సోనీబాయి కుర్చీలో కూర్చొని బిడ్డ బహుమతి చూసింది.

సంక్రాంతి దాటినాక ఆమె మళ్లీ అంగడికొచ్చింది. ఒంటి మీద మామూలు నూలు చీర. చేతులకు ఆ తెల్లగాజుల్లేవు.

"ఏందమ్మా ఇది? ఆ దినం గెలిచినారు కదా!"

"గెలిచినాది పాప. బడిలో మీటింగు మీటింగుకూ అది వాకిట్లో కొట్లాడుతూ ఉంటే చదివేదెప్పుడు? చీరే అగ్గువ, అన్నా."

ఆ ధర మీద నేను బేరమాడలేదు.

నా బతుకంతా తిరిగిచ్చే బట్టలతోనే గడిచింది. సాయంత్రానికి విప్పి ఇచ్చేవాళ్ల ఒంటి మీద ఆ రవిక కళ. తెల్లారినా అదే కట్టుకునే మనిషి మీద అది నీట్ కాదు. పుస్తకంలో లేని ఈ పాఠాన్ని గేటు దగ్గరే చెప్పేస్తారు. కావేరికి ఎదురు చెప్పే భాష ఇచ్చింది ఆ బడే. చెప్పక తప్పని గతి పట్టించిందీ ఆ బడే.

ఇప్పుడు లంబాణీ సెట్లు అడిగితే ముందే చెప్తాను: "బాడుగ ఎంతైనా తగ్గిస్తా. మీ బడిలో తాండా పిల్లలుంటే, వాళ్ల తల్లులు వాళ్ల బట్టల్లోనే వచ్చి కుర్చీల్లో కూర్చోవాల. దాంట్లో మాత్రం బేరం లేదు." పోయిన ఏడు ఒక మేడం "ఏందప్పా, అంగట్లో కూడా రూల్సా?" అని నవ్వి, నెమలి సెట్లు చూపించమంది. తీసిచ్చాను. నెమళ్ల తల్లులు గేటు కాడికి రారు మరి.