తోసినవాళ్ళకే సీటు

పల్లంరాజుగారి కారెక్కాలంటే ముందు దాన్ని తొయ్యాలి. మండపేటలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు.

అలాగని అది డొక్కు కారు కాదు. జర్మనీ నుంచి దిగిన పాత బెంజి. మీగడరంగు ఒళ్ళు, ఎర్రతోలు సీట్లు. గుడ్డకప్పు మడిచి వెనక్కి తోసేస్తే ఆకాశమంతా మనదే. ఉన్నవి మాత్రం రెండే సీట్లు. దాన్ని కారంటే రాజుగారికి కోపం, 'దొరగారు' అనాలి. తన రైసుమిల్లులో ఊకబస్తాలు బయటికి వేయించి దొరగారికి గది ఇప్పించారు. ఆ గదిముందు మేం గట్టిగా దగ్గినా ఊరుకునేవారు కాదు.

నిజం చెప్పొద్దూ, మిల్లు గుమాస్తానైన నాకూ దొరగారంటే ప్రాణమే. కప్పు తీసి కాలవగట్టు మీద పోతుంటే కోతకొచ్చిన చేల వాసన మొహాన్ని తాకేది. ట్రాక్టర్లవాళ్ళు పక్కకి తీసి, నోరు తెరుచుకుని చూసేవారు. సరిగ్గా అంత వైభవంలో ఉండగా దొరగారు ఠపీమని ఆగిపోయేవారు.

"అలిగారండి," అనేవారు రాజుగారు తాపీగా.

దిగి తోయడం నా వంతు. నేనొక్కణ్ణీ చాలనని దారినపోయే వాళ్ళని కూడా బతిమాలేవారు. కర్ర ఊతంతో ఆస్పత్రికి పోతున్న ముసలాయన్ని కూడా వదల్లేదు. ఆయన ఇలా చెయ్యి ఆనించాడో లేదో దొరగారు అలక మానేశారు. తోసినవాళ్ళని ఊరికే పంపడం మర్యాద కాదని రాజుగారు వాళ్ళని ఎక్కించుకుని దింపి వచ్చేవారు. నేను సీట్ల వెనక ఇరుకులో మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చునేవాణ్ణి. దొరగారు తాగిన పెట్రోలు కన్నా మేం కార్చిన చెమటే ఎక్కువని మిల్లులో నవ్వుకునేవాళ్ళం.

తొంభైల చివర్లో ఒకసారి బస్సుల సమ్మె వచ్చింది. ఆ పొద్దున మేం దొరగారిలో పోతుంటే, మా మిల్లులో నూకలు చెరిగే పాపాయి, కూతురు దేవకుమారితో రామచంద్రపురం రోడ్డు మీద పరుగులాంటి నడకతో పోతూ కనిపించింది. దేవకుమారికి పదింటికి కాకినాడలో టీచరుద్యోగం ఇంటర్వ్యూ. ఆటోలు లేవు, లారీలు ఆపడంలేదు. వేళ దాటితే ఆ ఉద్యోగం ఇంకెవరికో పోతుంది.

రమ్మని పిలిచినా పాపాయి ఎక్కదని నాకు తెలుసు. రాజుగారి ఎదుట ఆవిడ ఏనాడూ బల్లమీదైనా కూర్చోలేదు. పైగా కప్పులేని కారు, ఊరంతా చూస్తుంది.

అప్పుడు చూశాను. రాజుగారి చెయ్యి మెల్లిగా తాళం మీదికి వెళ్ళింది, తాళం తిరిగింది. దొరగారు సరిగ్గా వాళ్ళ పక్కనే ఆగిపోయారు. నేను తెల్లబోయి రాజుగారి వంక చూస్తే, ఆయన కొబ్బరిచెట్లు చూస్తున్నారు.

"అలిగారండి. కాస్త చెయ్యి వేస్తావా పాపాయమ్మా?"

ముగ్గురం తోశాం. ఇంజను అందుకుంది. రాజుగారు ఎక్కమంటే పాపాయి వెనక్కి జరిగి, నడిచిపోతామండి అంది. దేవకుమారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నువ్వెక్కకపోతే ఎలాగమ్మా? దారిలో మళ్ళీ అలిగితే ఎవరు తోస్తారు, ఈ విష్ణుగారొక్కరేనా?" అన్నారు నన్ను చూపించి.

ఆ మాటకి తల్లీకూతుళ్ళు ఒకే సీట్లో ఒదిగారు. దొరగారు అంత వేగం పోగలరని నాకు అప్పటిదాకా తెలీదు. కాకినాడ దాకా అలక ఊసే లేదు. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు రామచంద్రపురం దాటాక పాపాయి వదిలేసి, గాలికి నవ్వడం మొదలెట్టింది. ఇన్నాళ్ళూ తోసి తోసి నా చొక్కాలు చిరిగింది, పిలిస్తే ఎక్కని మొహమాటస్తుల్ని ఎక్కించడానికేనని తెలిసి నాకు కోపం రావాలి. రాలేదు సరికదా, ఆ మనిషి దగ్గర పనిచేస్తున్నందుకు గర్వమేసింది.

వేళకి ముందే చేరాం. దేవకుమారి దండం పెట్టి లోపలికి పరిగెత్తింది. ఉద్యోగం వచ్చిన సంగతి తర్వాత తెలిసిందిగానీ, నేను మరిచిపోలేనిది ఆ గేటు దగ్గర పాపాయి అన్నమాటే.

"రాజుగారండి, తిరిగెళ్ళేటప్పుడు దొరగారు అలగక్కర్లేదండి. రమ్మంటే ఎక్కుతాం."

రాజుగారు స్టీరింగుకేసి చూశారు, ఆకాశంకేసి చూశారు. ఊరందరి మొహమాటం ఆయనకే వచ్చిపడింది.

"అలాగేనండి," అన్నారు చివరికి. పాపాయి తలుపు తీసి, సీటు నిండా కూర్చుంది.