దుఖాన్ నుంచి తెచ్చిన పాత క్యాంపర్ వ్యాన్

దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. నేను మెకానిక్‌ను. పదిహేడేండ్లుగా దోహాలో, ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక గ్యారేజీలో పని చేస్తున్న. బండిలో చప్పుడొస్తే బేరింగు పోయిందా, బుష్షు పోయిందా అని చూస్తా తప్ప ఇంకో ఆలోచన రాదు. మా జగిత్యాల దిక్కు ఎవరన్నా గాలి సోకిందని మాట్లాడుతుంటే లేచి బయటికి పోయేటోణ్ని. ఇది నమ్మమని ఎవరినీ అడుగుతలేను. నేను చూసింది చూసినట్టు రాస్తున్న, అంతే.

నా భార్య సునీత ఇక్కడే ఒక లేడీస్ టైలరింగ్ షాపులో కుట్టుపని చేస్తది. దోహాలోనే ఉమ్ ఘువైలినా అనే పేటలో ఒక ఫ్లాటును చెక్కలు కొట్టి మూడు భాగాలు చేసిండ్రు. అందులో కిటికీ లేని భాగం మాది.

సునీతకు తల్లి చిన్నప్పుడే పోయింది. పెంచింది వాళ్ల అక్క, లచ్చక్క. బీడీలు చేసి చెల్లెను పదో తరగతి దాకా చదివించింది. కుట్టుమిషన్ కొనిచ్చింది. నాతో పెండ్లి చేసింది కూడా ఆమెనే. కరోనాకు విమానాలు బందైన రోజుల్లో లచ్చక్క చనిపోయింది. సునీత ఆఖరి చూపు ఫోన్లో చూసింది. మధ్యలో వీడియో ఆగిపోయింది. మళ్ల కలిసేసరికి అంతా అయిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె మనిషి మారిపోయింది. ఏడ్వలే. డ్యూటీకి పోయేది, వచ్చేది, వండేది. విమానాలు మొదలైనంక ఊరికి పోదామంటే, "ఇప్పుడు పోయి ఎవల్ని చూడాలె?" అన్నది.

మూడేండ్లు అట్లనే గడిచినయి. ఒక శుక్రవారం ఓబులేసు మా రూముకు భోజనానికి వచ్చిండు. కడప జిల్లా మనిషి, ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు, నాకు తమ్ముడి లెక్క. తింటా తింటా ఫోన్లో ఒక ఫోటో చూపించిండు. "సూడన్నా, ఇదేదో ఇల్లున్నట్టుందే ఈ బండి!" అన్నడు. ఖతర్‌ల పడమటి ఒడ్డున ఉన్న దుఖాన్ ఊరి నుంచి ఎవరో అమ్మకానికి పెట్టిండ్రు. నలభై ఏండ్ల కిందటి క్యాంపర్ వ్యాను. పైకి లేచే టాపు, లోపల మడత మంచం, చిన్న పొయ్యి, చెక్క అల్మారాలు.

సునీత ఆ ఫోను తీసుకొని చాలాసేపు చూసింది. "కొందామా?" అన్నది. మూడేండ్లలో ఆమె నన్ను అడిగిన మొదటి కోరిక అది.

మా దగ్గర ఉన్నది తక్కువ. కానీ ఇంజను చెడిపోయిన బండి కాబట్టి ధర కూడా తక్కువనే. మరుసటి వారం ముగ్గురం దుఖాన్ పోయినం. అమ్మేటాయన ఒక ముసలి ఇంజనీరు, ఆయిల్ కంపెనీ నుంచి రిటైరై తన దేశం పోతున్నడు. నేను అయస్కాంతం పెట్టి బాడీ అంతా చూసిన. డోర్ల కింద తుప్పు, రెండుచోట్ల అయస్కాంతం అతకలే, రేకు బదులు పుట్టీ. టాపు గుడ్డ చినిగింది. బ్రేకులు లేవు. ఇవన్నీ చూపించి బేరం చేసిన.

ఒక విషయం ఇక్కడనే చెప్పాలె. ఆ బండిలో ఎవరూ చావలే. ముసలాయన పెండ్లాం, పిల్లలు అందరూ బాగున్నరు. ఫోటోలు చూపించి మరీ చెప్పిండు. ఆ బండికి కథంటూ ఏం లేదు.

టో బండి మీద తెచ్చి మా గ్యారేజీ వెనక పెట్టిన. ఓనరు మంచోడు, ఏమనలే. మొదటి నెలలోనే ఇంజను కిందికి దించి విప్పి పెట్టిన. బ్రేకుల పని కోసం ముందు చక్రాలు తీసేసి బండిని దిమ్మెల మీదికి ఎక్కించిన. ఈ మాట గుర్తు పెట్టుకోండ్రి. ఇంజను లేదు, ముందు చక్రాలు లేవు.

సునీత ప్రతి శుక్రవారం నాతో వచ్చేది. పరదాలు కుట్టింది, మంచానికి కొత్త కవరు కుట్టింది. పొద్దంతా పని చేసి మధ్యాహ్నం లోపల తలుపేసుకొని పండుకునేది. ఇంట్లో నిద్ర పట్టని మనిషి అక్కడ పండుకుంటుందని నాకు సంతోషంగనే ఉండె. మే నెల వచ్చేసరికి భయమైంది. ఎండలో నిలబెట్టిన రేకు బండి అది. ఏసీ లేదు. లోపల చెయ్యి పెడితే కాలుతది. తలుపు కొట్టి లేపితే, ఆమె బయటికి వచ్చింది. మొఖం మీద చెమట చుక్క లేదు. చేతులు పట్టుకుంటే చల్లగా, తడితడిగా ఉన్నయి.

"ఎట్ల పండుకున్నవ్ ఈ ఎండలో?" అన్న.

"ఎండేడున్నది?" అన్నది.

కిలోమీటర్ల మీటరు సంగతి అనుకోకుండా బయటపడ్డది. బండి కొన్న రోజు రీడింగు నా నోట్‌బుక్కులో రాసిపెట్టుకున్న, అది నాకు అలవాటు. జూన్‌లో డ్యాష్‌బోర్డు వైర్లు చూస్తుంటే అంకెలు వేరేగా కనపడ్డయి. నేనే తప్పు రాసిన్నేమో అనుకున్న. మళ్ల రాసుకున్న. తర్వాతి శుక్రవారం సునీత పండుకొని లేచినంక చూస్తే పదహారు కిలోమీటర్లు ఎక్కువున్నది. ఆ పై వారం ఇంకో పదహారు.

ఆ మోడల్లో మీటరు కేబులు ముందు ఎడమ చక్రం నుంచి వస్తది. ఆ చక్రం తీసి గోడకు ఆనించి పెట్టిన. కేబులు కొస గాలిలో వేలాడుతున్నది. అది తిరిగే మార్గమే లేదు. మీటరు విప్పి చూసిన, లోపల పండ్ల చక్రాలు సరిగ్గనే ఉన్నయి. పదహారు అంటే ఎక్కడి నుంచి ఎక్కడికని చాలా లెక్కలేసిన. సునీత వాళ్ల ఊరి నుంచి మండలానికి, మండలం నుంచి ఆస్పత్రికి, ఏదీ కుదరలే.

ఒక వారం నేనూ ఆమెతోపాటు లోపల కూర్చున్న. ఏం జరగలే. మీటరు కదలలే. సునీత కాసేపు చూసి, "ఇయ్యాల వద్దులే" అని బయటికి వచ్చేసింది. ఇంకోసారి ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు నేనొక్కణ్ని పండుకున్న. పది నిమిషాలకు కండ్లు తిరిగి బయటపడ్డ. నాకు ఆ బండి ఉత్త కొలిమి.

ఓబులేసుకు చెప్పిన. అతను నవ్వలే. మరుసటి శుక్రవారం వచ్చి నా పక్కన పాత టైర్ల మీద కూర్చున్నడు. ఇద్దరం బండి మీద నుంచి చూపు తిప్పలే. బండి ఇసుమంత కూడా ఊగలే. అరగంట తర్వాత ఓబులేసు చెయ్యెత్తిండు. లోపల నుంచి కత్తెర చప్పుడు. గుడ్డ కత్తిరించే చప్పుడు కాదు, చిన్నగా, ఆగకుండా, ఒకటే తీరుగ.

ఆ చప్పుడు నాకు తెలుసు. మా దిక్కు ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా వినపడేదే. బీడీ ఆకు కత్తిరించే చప్పుడు.

తలుపు కొట్టినం. తీయలే. పిలిచినం. పలకలే. చప్పుడు మాత్రం ఆగింది. నేను రాడు తెచ్చి వెనక అద్దం పగలగొట్టి లోపలికి దూరిన. సునీత పక్కకు తిరిగి పండుకొని ఉన్నది. ఊపిరి ఆడుతుందో లేదో తెలవనంత మెల్లగ ఆడుతున్నది. భుజం పట్టి ఊపితే కండ్లు తెరిచింది. నన్ను చూసి, "ఎవరూ?" అన్నది.

పన్నెండేండ్ల కాపురం మాది. ఆ చూపులో నా గుర్తు ఇంత కూడా లేదు. కాసేపటికి తేరుకొని, "నువ్వా. టైమెంతైంది?" అని లేచి కూర్చున్నది.

మంచం కింద ఆకు ముక్కలున్నయి. గుప్పెడు. తునికాకు ముక్కలు, నీళ్లలో నానబెట్టి కత్తిరించినవి, ఇంకా తడిగానే ఉన్నయి. దోహాలో తునికాకు ఎక్కడ దొరుకుతదో నాకు తెలవదు. బండిలో కత్తెర కూడా లేదు, కుట్టుపని అయిపోంగనే సునీత తన కత్తెర ఇంటికి తెచ్చేసింది. ఓబులేసు ఆ ముక్కలను చూసిండు, ముట్టలే. మీటరు చూసిన. పదహారు పెరిగింది.

సునీత చేతులు కడుక్కోను పోయినప్పుడు ఓబులేసు నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నడు. "అన్నా, ఈ బండి వద్దు. వదినెను పోగొట్టుకుంటావు. ఆయమ్మ వారం వారం ఎక్కువ సేపు ఉంటాండాది. ఒకరోజు తిరిగి రాకపోతే ఏం జేస్తావు?"

మంగళవారం సునీత డ్యూటీకి పోయినంక స్క్రాపు వాళ్లను పిలిచిన. దగ్గరుండి పంపించిన. అదే రోజు బండిని ప్రెస్సులో వేసి రేకు ముద్దలెక్క నొక్కేసిండ్రు.

సాయంత్రం చెప్పిన. కోపం చేస్తదనుకున్న, ఏడుస్తదనుకున్న. కూరగాయలు కోస్తున్న చెయ్యి ఒక్క నిమిషం ఆగింది. "అమ్మినవా?" అన్నది. అవునన్న. మళ్ల కోయడం మొదలుపెట్టింది.

అప్పటి నుంచి రెండేండ్లు. ఆమె మనిషి ఇక్కడ ఉన్నది అంటే ఉన్నది. డ్యూటీకి పోతది, వస్తది, వండుతది. డాక్టర్లకు చూపించిన, మందులు వాడుతున్నది. మొదటి మూడేండ్ల కన్నా ఇప్పుడే అధ్వాన్నం. అప్పుడు అడిగినదానికైనా జవాబు చెప్పేది. శుక్రవారం వస్తే పొద్దున్నే తయారై, మంచం కొసకు కూర్చుంటది. మధ్యాహ్నం దాటినంక చీర మార్చుకుంటది.

అదే మోడలు బండి ఇంకోటి వెతికిన. సిగ్గు లేకుండా చెప్తున్న, వెతికిన. రెండు దొరికినయి. ఆమెను తీసుకపోయి చూపించిన. తలుపు తీసి లోపలికి ఒకసారి చూసి, "ఇది కాదు" అని వెనక్కి తిరిగింది.

పోయిన నెల ఒక శుక్రవారం, అట్లనే తయారై కూర్చున్నప్పుడు, ఉండబట్టలేక అడిగిన. "ఆ బండిలో ఏడికి పోయేదానివి?"

గోడ దిక్కు చూసుకుంటనే అన్నది. "మళ్ల శుక్రారం వస్త అని చెప్పి వచ్చిన."

ఎవరికి అని నేను అడగలే. అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

మీటరు ఎట్ల తిరిగిందో, ఆ ఆకు ఎక్కడిదో ఒక మెకానిక్‌గా నేను చెప్పలేను. ఆమెను కాపాడుకున్ననా, లేకపోతే ఆమెకున్న ఒక్క దారిని నా చేతులతోనే నొక్కించేసిన్నా, అదీ తెలవదు. రేపు మళ్ల శుక్రవారం.