గాజు తీగకు అంటిన కుంకుమ

తొంభైల చివర్లో మహబూబ్‌నగర్ దగ్గర ఒక చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసేవాణ్ణి. గాజు తీగల్లో వెలుతురుగా మాటలు పంపే కొత్త మిషన్ వచ్చింది. ఆనవాయితీగా నేనే దానికి కుంకుమబొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాను.

"జర నాకు గూడ ఓ ముక్క పెట్టుండ్రి సార్" అని నవ్వాడు, దారి పొడుగునా ఆ తీగలు అతికిన ఖాజా భాయి.

ముక్క అతని చేతిలో పెట్టి, తీగ కొసను మిషన్లో బిగించాను. లైను పలకలేదు.

"నీ అతుకులే ఖరాబైనయి" అని ఆఫీసరు ఖాజాపై మండిపడ్డాడు.

"లేదు సార్, మంచిగ చూసుకుంటనే అతికిన."

ఆఫీసరు వినలేదు. రేపటి నుంచి పనిలోకి రావద్దన్నాడు.

ఖాజా వెళ్ళిపోయాక ఆ కొసను ఊడదీసి చూశాను. దానిమీద ఎర్రగా నా వేలి కుంకుమ. స్పిరిటుతో తుడిచి మళ్ళీ బిగించగానే లైను పలికింది.

"శభాష్! ఏం చేసినవయ్యా?" అన్నాడు ఆఫీసరు.

"ఏదో సర్దిన సార్" అన్నాను.

ఆ తర్వాత ఖాజా ఎక్కడా కనబడలేదు. ఈ పేజీ అతని ఇంట్లో ఎవరైనా చదివితే ఒక్క మాట చెప్పండి: ఖాజా భాయ్, నీ అతుకులు మంచిగనే ఉండె.